ఏమీ తెలియనివాడు కావలెను

పానకాలరావు గారు సంతకం పెట్టిన ఫైలుకి తిరుగులేదని జిల్లా విద్యాశాఖలో ఒక మాట ఉంది. ఆయన సంతకం పెట్టడమే అరుదు కాబట్టి ఆ మాట నిజమో కాదో తేల్చుకునే అవకాశం ఎవరికీ పెద్దగా రాలేదు. పరీక్షల విభాగానికి ఆయన ప్రత్యేకాధికారి. ఏ కాగితం వచ్చినా మొదటిసారి 'చూశాను' అని రాసేవారు. అదే కాగితం మళ్లీ వస్తే 'చర్చించండి' అని, ఇంకోసారి వస్తే 'ఇదివరకే చూశాను' అని రాసేవారు. చదువులు నడిపే శాఖలో ముప్పై ఏళ్లు ఏదీ చదవకుండా నెగ్గుకురావడం సామాన్యమైన విద్య కాదు.

అటువంటి మనిషి ఆ ఏడాది సొంతంగా ఒక నిబంధన తయారుచేశారు. చదవడంలో, రాయడంలో ఇబ్బందులున్న పిల్లలకి పదో తరగతి పరీక్షల్లో ఒక సహాయ లేఖకుణ్ణి ఇస్తారు. ప్రశ్న చదివి వినిపించడం, పిల్ల చెప్పిన జవాబు రాసిపెట్టడం అతని పని. మామూలుగా కింది తరగతి పిల్లల్లో ఒకరిని కూర్చోబెడతారు. అయితే ఎక్కడో ఒక లేఖకుడు విద్యార్థి చెప్పనిది కూడా రాశాడని ఒక పుకారు పుట్టింది. అది నిజమో కాదో ఎవరూ విచారించలేదు. విచారిస్తే అబద్ధమని తేలిపోయే ప్రమాదం ఉంది గనక, విచారించకుండానే చర్య తీసుకోవాలని పానకాలరావు గారు నిర్ణయించారు.

ఆయన ఆలోచన సూటిగా సాగింది. లేఖకుడికి తెలిస్తేనే కదా రాసేది. అసలేమీ తెలియనివాణ్ణి కూర్చోబెడితే వాడేం రాస్తాడు? మర్నాడు అన్ని బడులకీ సర్క్యులర్ వెళ్లింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సహాయ లేఖకునికి సదరు పాఠ్యాంశములలో ఎటువంటి పరిజ్ఞానము లేదని నిర్ధారణ కావలెను. సదరు అజ్ఞానమును అభ్యర్థి వ్రాతపరీక్ష ద్వారా రుజువు చేసుకొనవలెను. ఎంపికైన లేఖకుని మార్చుటకు గాని, మినహాయించుటకు గాని ఎవరికీ అధికారము లేదు. లేఖకునికి పరిజ్ఞానము ఉన్నట్లు తరువాత తేలినచో విద్యార్థి ఫలితము రద్దగును."

ఈ సర్క్యులర్ పట్టుకుని సువార్తమ్మ టీచరు ఆయన గదికి వచ్చింది. వెంట పదో తరగతి చదివే రిజ్వానా, ఆ పిల్ల తండ్రి నాగుల్‌మీరా ఉన్నారు. నాగుల్‌మీరాది మైకు కట్టిన ఆటో. ఊళ్లో ఏ దుకాణం తెరిచినా, ఏ సర్కస్ వచ్చినా ఆయన గొంతులోంచే ఊరికి తెలియాలి. ఆఫీసు గదిలోకి రాగానే ఆ గొంతు ఎక్కడికో పోయింది. చేతులు కట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాడు.

"పిల్లకి డిస్లెక్సియా సార్," అంది సువార్తమ్మ. "చదవటం, రాయటం కష్టం. డాక్టరు రాసిచ్చాడు. నోటితో అడిగితే పుస్తకం మొత్తం చెప్పుద్ది. లేఖకుణ్ణి ఇప్పించండి."

"కళ్లజోడు పెట్టించి చూశారా?"

"కళ్లు బానే ఉన్నయ్యి సార్," అంది రిజ్వానా. ఆ పిల్లకి పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడకూడదన్న సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. "ఒక లైను చదివి కిందకొచ్చేలోపల మళ్లీ పైలైనే వచ్చిద్ది. బ, భ రెంటికీ తేడా మా నాన్న గొంతులో తెలిసిద్ది గానీ కాగితం మీద తెలవదు."

"అంటే కొంచెం తెలివి తక్కువ..."

"తెలివికేం తక్కువ లేదు సార్. ఏదన్నా అడిగి చూడండి," అంది సువార్తమ్మ.

పానకాలరావు గారు అడగలేదు. అడిగితే ఆ పిల్ల చెప్పేది ఒప్పో తప్పో తనకి తెలియాలి. అందుకని గంభీరంగా తలపంకించి, "సహాయం చేయడానికే ఈ శాఖ ఉన్నది. నిబంధనల మేరకు లేఖకుణ్ణి తెచ్చుకోండి," అన్నారు.

అప్పుడు నాగుల్‌మీరా మెల్లగా నోరు తెరిచాడు. "పాలిటెక్నిక్‌లో చేరతానని కూచుందండి పిల్ల. పాసైతేనే గదండి. తప్పితే వాళ్లమ్మతో పాటు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీయాల. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆ ఘాటులో దగ్గటమేనండి. తమరు దయుంచాల."

"దయకి నిబంధనల్లో చోటు లేదు. అజ్ఞానానికి ఉంది. ముందు అది తెండి," అన్నారు పానకాలరావు గారు, తను చాలా న్యాయంగా మాట్లాడానని సంతోషపడుతూ.

సువార్తమ్మ మొదట తొమ్మిదో తరగతి నుంచి ఏసుపాదాన్ని తీసుకొచ్చింది. ఏసుపాదం ఏమీ తెలియదని బడంతా ఒప్పుకునే కుర్రాడు. అజ్ఞాన నిర్ధారణ పరీక్షలో ఇరవై ప్రశ్నలు, ఒక్కో దానికి నాలుగు జవాబులు, సరైనదానికి గుర్తు పెట్టాలి. ఏసుపాదానికి తొమ్మిది ఒప్పయ్యాయి. పానకాలరావు గారు కాగితం చూసి కనుబొమలు ముడిచారు. "ఈ అభ్యర్థిలో పరిజ్ఞానం ప్రమాదకర స్థాయిలో ఉన్నది," అని రాసి తిప్పి పంపారు. ఆ కాగితాన్ని ఏసుపాదం తండ్రి లామినేషన్ చేయించి ఇంట్లో గోడకి తగిలించాడు. కొడుకు గురించి ప్రభుత్వం అంత మంచి మాట అంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

రెండో కుర్రాడు తెలివిగా ఏ ప్రశ్నకీ గుర్తు పెట్టకుండా ఖాళీ కాగితం ఇచ్చాడు. "ఖాళీ కాగితం మౌనానికి రుజువే గాని అజ్ఞానానికి రుజువు కాదు," అన్నారు పానకాలరావు గారు. "లోపల ఎంత తెలిసి ఉందో మనకేం తెలుసు? ఇటువంటివాళ్లే పరీక్ష గదిలో నోరు విప్పుతారు."

మూడోది లాస్య. తొమ్మిదో తరగతిలో మొదటి పిల్ల. రిజ్వానా అంటే ప్రాణం. స్నేహితురాలి కోసం కూర్చుని ఇరవైకి ఇరవై తప్పు పెట్టి వచ్చింది. సువార్తమ్మ ఈసారి గట్టెక్కామనుకుంది.

పానకాలరావు గారు ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నారు. తర్వాత సూపరింటెండెంట్ భీమలింగాన్ని పిలిచారు. "చూడవయ్యా. ఒక్కటన్నా ఒప్పు కాకుండా ఇరవై తప్పులు పెట్టాలంటే ఇరవై ఒప్పులూ తెలిసి ఉండాలి. ఈ పిల్ల సర్వజ్ఞురాలు."

"మరి ఎన్ని రావాలంటారు సార్?"

"నిజంగా ఏమీ తెలియనివాడు గుడ్డిగా గుర్తు పెట్టుకుంటూ పోతే నాలుగింట ఒకటి తగులుతుంది. అంటే ఇరవైకి అయిదు. అయిదుకి తగ్గితే కావాలని తప్పు పెట్టినట్టు, దాటితే తెలిసినట్టు. అయిదే స్వచ్ఛమైన అజ్ఞానం."

భీమలింగం ఈ మాటని అలాగే అనుబంధ సర్క్యులర్‌గా టైపు చేశాడు. ఎంపికైన లేఖకుడికి జిల్లా అధికారి చేతుల మీదుగా ఒక ప్రశంసాపత్రం ఇస్తామని చివర చేర్చారు. పత్రం ఇస్తామంటే చాలు, అది ఎందుకిస్తున్నారని మన తల్లిదండ్రులు అడగరు. వారం తిరక్కుండా బస్టాండు ఎదురుగా ఒక కోచింగ్ సెంటరు వెలిసింది. గ్యారంటీగా అయిదు మార్కులు, మించితే ఫీజు వాపసు అని బోర్డు పెట్టారు. పొద్దున్నే పిల్లలు బారులు తీరి అక్కడికి వెళ్లి, ఏవి ఒప్పో నేర్చుకుని, వాటిలో ఏ పదిహేను తప్పు పెట్టాలో సాధన చేశారు. దాంతో ఆ ఊరి తొమ్మిదో తరగతికి పదో తరగతి పాఠాలన్నీ వచ్చేశాయి. బడి చరిత్రలో అంత చదువు ఎన్నడూ జరగలేదు. వాళ్లలో ఒక్కడికీ అయిదు రాలేదు. అలవాటు కొద్దీ ఒప్పులు పెట్టేశారు.

పరీక్షలు నెత్తిమీదకి వచ్చాయి. సువార్తమ్మ మళ్లీ ఆఫీసుకి వచ్చింది. ఈసారి ఆవిడ గొంతులో బతిమాలడం లేదు, వినయం ఉంది. ఆవిడ వినయం ఎంత ప్రమాదమో బడిలో పిల్లలకి తెలుసు గాని పానకాలరావు గారికి తెలియదు.

"సార్, ఇంతమంది రాసినా ఒక్కరూ కుదరలా. పరీక్షే సరిగ్గా లేదని బయట అనుకుంటున్నారు."

"ఎవరు అనుకునేది?"

"అందరూ అంటున్నారు సార్. తెలియనివాళ్లకి ఎన్ని రావాలో చెప్పారు గానీ తెలిసినవాళ్లకి ఎన్ని వస్తయ్యో ఎవరూ చూపించలేదంట. అసలు తమబోటి పెద్దలు ఒకసారి రాసి, ఇరవైకి ఇరవై చూపిస్తే అదొక కొలబద్ద అయిద్ది. ఎవరూ నోరెత్తరు."

పక్కన నిలబడ్డ భీమలింగానికి పదో తరగతి చదివే కూతురుంది. ఆ ప్రశ్నలు ఎంత గడ్డువో అతనికి తెలుసు. "సార్, తమరి స్థాయికి ఇది..." అని గొణిగాడు. ఆయనకి ఆ మాట పొగడ్తలా వినబడింది. వెంటనే కుర్చీ సర్దుకుని కాగితం అందుకున్నారు. పత్రహరితంలో, ప్రతిబింబంలో, రాజ్యాంగ పీఠికలో ఆయనకి ఎక్కడా తడబాటు కలగలేదు. ఏది గంభీరంగా కనిపిస్తే దానికి గుర్తు పెట్టుకుంటూ పోయారు.

పారదర్శకత కోసం కాగితాలు దిద్దడం, ఫలితాన్ని బట్టి ఉత్తర్వులు పంపడం అంతా కంప్యూటరుకే అప్పజెప్పాలని ఆదేశించినది కూడా ఆయనే. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. అభ్యర్థి పానకాలరావు, మార్కులు ఇరవైకి అయిదు. అజ్ఞానం నిర్ధారణ అయినది. విద్యార్థిని రిజ్వానాకు సహాయ లేఖకునిగా నియమించడమైనది. కింద ఆయన సంతకమే ముద్రించి ఉంది.

భీమలింగం ఆ కాగితాన్ని బల్లమీద పెట్టి తలవంచుకుని నిలబడ్డాడు.

"రద్దు చేయండి," అన్నారు పానకాలరావు గారు.

"మార్చే అధికారం ఎవరికీ లేదని తమరే రాశారు సార్."

"నాకు ఒంట్లో బాగాలేదని రాయండి."

"అలా రాస్తే ఆ పిల్ల లేఖకుడు లేకుండా పరీక్ష రాయాలి సార్. ఇంకొకర్ని వెతకడానికి టైం లేదు."

ఆ మాట ఆయన్ని పెద్దగా కదిలించలేదు గాని, వీధిలోంచి మైకు వినబడింది. విషయం సువార్తమ్మ ద్వారా తెలుసుకున్న నాగుల్‌మీరా ఆనందం పట్టలేక ఆటో తీశాడు. ఆఫీసు గేటు ముందు ఆపి, సర్కస్‌కి వాడే గొంతుతో ఊరంతటికీ చెబుతున్నాడు. "మన ప్రియతమ ప్రత్యేకాధికారి గారు జిల్లా మొత్తం మీద మొట్టమొదటి సహాయ లేఖకులుగా ఎంపికైన శుభ సందర్భంగా హార్దిక శుభాకాంక్షలు. ఇరవైకి అయిదు మార్కులతో అర్హత సాధించిన ఏకైక అభ్యర్థి మన సారుగారే." ఆ మనిషి గొంతులో ఎగతాళి లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఆటో బజారు వైపు తిరిగే వేళకి పానకాలరావు గారికి తప్పించుకునే దారులన్నీ మూసుకుపోయాయి.

పరీక్ష గదిలో వాళ్లిద్దరికీ విడిగా ఒక బల్ల వేశారు. కాపలాకి ఒక ఇన్విజిలేటరు ఉన్నాడు. జవాబు పత్రం మీద హాల్‌టికెట్ నంబరు మాత్రం విద్యార్థే స్వయంగా వేయాలి. రిజ్వానా పెన్ను పట్టుకుంది. అప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల ఒక్కసారి బిగుసుకుపోయింది. ఒక్కో అంకె చూసి, కళ్లు మూసుకుని, పెదాలతో అనుకుని, వేసింది. రెండు అంకెలు తారుమారయ్యాయి. ఇన్విజిలేటరు చెబితే కొట్టేసి మళ్లీ వేసింది. మొహాన చెమటలు పట్టాయి. కళ్లజోడు పెట్టించారా అని అడిగిన మనిషి పక్కనే కూర్చుని ఇదంతా చూశారు. ఆయనకి సిగ్గేసింది. సర్వీసులో ఆయనకి కోపం వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి గాని సిగ్గేసిన సందర్భం ఇదొక్కటే.

నంబరు అయిపోగానే రిజ్వానా మళ్లీ మామూలు మనిషైంది. "ప్రశ్న చదవండి సార్," అంది. ఆయన చదివారు. వెంటనే జవాబు మొదలుపెట్టింది. ఆగకుండా, తడుముకోకుండా చెప్పుకుంటూ పోయింది. ఆయన చెయ్యి అందుకోలేకపోయింది. సంతకానికి తప్ప పెన్ను ఎత్తని చెయ్యి అది.

"ఇంతవరకూ ఏం రాశారో ఒకసారి చదవండి సార్."

ఆయన గొంతు సవరించుకున్నారు. "పై ప్రశ్నను పురస్కరించుకొని తెలియజేయునదేమనగా, సదరు మొక్కలు తమ ఆహారమును తామే తయారుచేసుకొనుచున్నవి. సూర్యకాంతి విషయమై తగు చర్య..."

"సదరు అని నేనలేదు సార్."

"అది మర్యాదమ్మా."

"మొక్కలకెందుకు సార్ మర్యాద. కొట్టేయండి."

ఇన్విజిలేటరు కూడా, "ఆ అమ్మాయి చెప్పిందే రాయాలండి," అన్నాడు. ఆయన రాసింది కొట్టేయమని ఇంతవరకు ఎవరూ అనలేదు. పానకాలరావు గారు పెన్ను తీసి సదరును కొట్టేశారు. తర్వాత తగు చర్యను కొట్టేశారు. కొట్టేసిన కొద్దీ వాక్యంలో విషయం బయటపడుతుంటే ఆయనకి వింతగా అనిపించింది.

భౌతికశాస్త్రం పరీక్ష నాడు ఆకాశం నీలంగా ఎందుకు కనిపిస్తుందని ఒక ప్రశ్న వచ్చింది. రిజ్వానా చెప్పింది. "సూర్యకాంతిలో అన్ని రంగులూ ఉంటాయి. ఆ కాంతి గాలిలోని అతి చిన్న కణాలకు తగిలినప్పుడు మిగతా రంగుల కంటే నీలం ఎక్కువగా చెదురుతుంది. చెదిరిన నీలం అన్ని వైపుల నుంచీ మన కంటికి చేరుతుంది. అందుకని ఆకాశం నీలంగా కనిపిస్తుంది."

పానకాలరావు గారు రాయడం మానేసి కిటికీలోంచి బయటికి చూశారు. ఇన్నేళ్లూ ఆకాశం నెత్తి మీదే ఉంది. అదెందుకు అలా ఉందని అడగవచ్చని కూడా ఆయనకి తోచలేదు.

"అదా సంగతి," అన్నారు.

"రాయండి సార్. టైం అయిపోతంది."

ఆ రోజు ఇంటికి వెళ్లి ఆయన భార్యని పెరట్లోకి పిలిచి ఆకాశం చూపించి అంతా చెప్పారు. ఆవిడ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మర్నాటి నుంచి ఆయన పరీక్షకి గంట ముందే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆఖరి పరీక్ష అయిపోయిన రోజు ఆయనకి ఇల్లు చేరాలనిపించలేదు. చెప్పుకోవడానికి నామోషీగా ఉన్నా, ఆయనకి దిగులేసింది.

ఫలితాలొచ్చాయి. అందరివీ వచ్చాయి, రిజ్వానాది తప్ప. మార్కులు మరీ బాగా రావడంతో పై ఆఫీసులో అనుమానం పుట్టిందట. చదవలేని పిల్లకి ఇన్ని మార్కులు ఎలా వచ్చాయి? రాసినవాడు చూస్తే ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న విద్యాధికారి. ఆయనే సొంతంగా రాసి ఉంటాడు. ఫలితం ఆపి, విచారణకి వసుంధరాదేవి అనే అధికారిణిని పంపారు. పాలిటెక్నిక్ సీట్ల భర్తీకి గడువు దగ్గరపడింది. నాగుల్‌మీరా ఆటో తీయడం మానేశాడు.

విచారణ బడిలోనే జరిగింది. వసుంధరాదేవి ముందు ఆ జవాబు పత్రాలు ఉన్నాయి. ఒక పక్క సువార్తమ్మ, రిజ్వానా, నాగుల్‌మీరా నిలబడ్డారు. పానకాలరావు గారిని ఎదురుగా కూర్చోబెట్టారు.

"విషయం స్పష్టం," అంది వసుంధరాదేవి. "తమరి సర్క్యులర్ ప్రకారమే, లేఖకునికి పరిజ్ఞానం ఉన్నట్లు తేలితే ఫలితం రద్దు. ఈ పత్రాల్లోని ప్రశ్నలే అడుగుతాను. దేనికి సరైన జవాబు చెప్పినా, ఈ జవాబులు తమరివేనని భావించడం జరుగుతుంది."

మొదటి ప్రశ్న అడిగింది. జవాబు ఆయన నాలుక చివరే ఉంది. ఆ పిల్ల చెప్పిన మాటలు ఆ పిల్ల గొంతులోనే చెవిలో వినబడుతున్నాయి. "తెలియదు," అన్నారు. రెండోది అడిగింది. అదీ వచ్చు. తెలియదన్నారు. అడిగినవన్నీ వచ్చు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని మీటింగుల్లో ఎన్ని ప్రశ్నలకి తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపారో లెక్కలేదు. తెలిసిన రోజున చెప్పుకునే యోగం లేకపోయింది.

వసుంధరాదేవికి ఇంకా నమ్మకం కుదరలేదు. పత్రం పక్కన పెట్టి, కొంచెం మెత్తగా అడిగింది. "పోనీ, ఇది చెప్పండి. ఇంత చదువుకున్నారు. ఆకాశం నీలంగా ఎందుకు ఉంటుంది?"

పానకాలరావు గారు కిటికీ వైపు చూశారు. ఒక్కసారి, ఒక్క మనిషి ముందు, తనకి తెలుసని చెప్పుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుంది. రిజ్వానా తండ్రి చొక్కా అంచు గట్టిగా పట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"ఎప్పుడూ ఆలోచించలేదండి," అన్నారు. "నాకు తెలియదు."

"సదరు అధికారికి ఏమీ తెలియదని నిర్ధారించడమైనది," అని వసుంధరాదేవి రాసి, పత్రం ఆయన ముందుకి తోసింది. ఆయన చదివి సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే ఫలితం విడుదలైంది. ఆ నిర్ధారణ వల్ల ఆయన ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాలేదు. ఏమీ తెలియకపోతే ఉద్యోగం పోతుందని శాఖలో నిబంధన ఏదీ లేదు.

విచారణ ముగిసి అందరూ వరండాలోకి వచ్చారు. నాగుల్‌మీరా పానకాలరావు గారి రెండు చేతులూ పట్టుకున్నాడు. రిజ్వానా మొహం మాత్రం ముడుచుకుని ఉంది.

"అంత వివరంగా చెప్పాను గదా సార్. నిజంగానే మర్చిపోయారా?" అంది.

పానకాలరావు గారు వెనక్కి తిరిగి చూశారు. వసుంధరాదేవి కారు గేటు దాటి మలుపు తిరిగేదాకా ఆగారు. తర్వాత ఆ పిల్ల ఎదుట చేతులు కట్టుకుని నిలబడి, చిన్న గొంతుతో మొదలుపెట్టారు. "సూర్యకాంతిలో అన్ని రంగులూ ఉంటాయి. ఆ కాంతి గాలిలోని అతి చిన్న కణాలకు తగిలినప్పుడు నీలం చెదురుతుంది. అన్ని వైపుల నుంచీ మన కంటికి చేరుతుంది. అందుకని ఆకాశం నీలంగా కనిపిస్తుంది."

రిజ్వానా చివరిదాకా శ్రద్ధగా విన్నది.

"మిగతా రంగుల కంటే ఎక్కువగా చెదురుద్ది సార్," అంది. "ఆ ముక్క వదిలేశారు. ఒక మార్కు పోయిద్ది."